రెండో ఏడాది టైరు ఎవరు వేయిస్తారు?

ఒక బ్యానరు, దాని ముందు వరసగా చక్రాల కుర్చీలు, కుర్చీల వెనక నిలబడ్డ దాతలు. కూర్చున్న మనిషి కెమెరా వైపు చూడాలో, చెక్కు ఇచ్చిన పెద్దమనిషి వైపు చూడాలో తెలియక మధ్యలో ఎక్కడో చూస్తుంటాడు. వికలాంగుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల నివేదికలు తిరగేసినవాళ్లకి ఈ ఫొటో కొత్త కాదు.

అందులో అబద్ధమేమీ లేదు. కుర్చీలు నిజం, ఇచ్చినవాళ్ల మంచి మనసు నిజం, తీసుకున్నవాళ్ల అవసరం అంతకన్నా నిజం. కాకపోతే మరుసటి ఏడాదికి టైరు అరిగిపోయి, బేరింగు పట్టేసి, ఆ కుర్చీ ఓ మూల గోడకి ఆనించి ఉంటే దాన్ని ఎవరూ ఫొటో తీయరు. కొత్త కుర్చీకి చందా అడగడం సులువు. పాత కుర్చీకి టైరు వేయించడానికి అడిగి చూడండి, తెలుస్తుంది.

వికలాంగుల సంస్థల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా రెండు ప్రశ్నలు వేరువేరుగా అడుగుతాం. ఏం పని చేస్తున్నారు? డబ్బు ఎలా తెస్తున్నారు? నాకు తోచినంతలో ఇవి రెండూ ఒకటే ప్రశ్న. ఏ మాట చెప్పి డబ్బు తెచ్చారో, ఆ మాట చెప్పిన పనే చేయాల్సి వస్తుంది. జాలి చూపించి తెస్తే జాలి తృప్తిపడే పని చేయాలి. అది ఎదుటి మనిషికి కావలసిన పని అయితే అదృష్టమే, కాకపోతే ఎవరూ అడగరు.

ముందు కుర్చీ సంగతే చూద్దాం. వనరులు తక్కువున్న చోట్ల చక్రాల కుర్చీలు ఎలా అందించాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో ఎనిమిది దశలున్నాయి. అవసరమున్న మనిషిని గుర్తించి పిలిపించడం, ఒంటి కొలతలూ ఇంటి పరిస్థితీ చూడటం, ఏ రకం కుర్చీ సరిపోతుందో తేల్చడం, డబ్బు కుదిర్చి తెప్పించడం, కుర్చీని బిగించి సిద్ధం చేయడం, మనిషిని కూర్చోబెట్టి సరిచూడటం, వాడటం నేర్పడం, ఆపైన మరమ్మతులు చేస్తూ అప్పుడప్పుడూ వెళ్లి చూసి రావడం. దాత కంటికి కనిపించేది వీటిలో నాలుగోది. మిగిలిన ఏడూ జీతాలు, ప్రయాణాలు, స్పానర్లు.

ఆ ఏడూ ఎగ్గొడితే ఏమవుతుందన్నది చాదస్తపు ప్రశ్న కాదు. మనం కుర్చీలో కూర్చున్నప్పుడు మనకే తెలియకుండా అటూ ఇటూ కదులుతుంటాం, ఎక్కడో ఒత్తుకుపోతోందని ఒళ్లే చెబుతుంది కాబట్టి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి చాలాసార్లు ఆ కబురు అందదు. కొలత సరిపోని సీటు మీద, సరైన కుషన్ లేకుండా గంటల తరబడి కూర్చుంటే తుంటి ఎముక దగ్గర రక్తప్రసరణ ఆగి పుండు పడుతుంది. అది ఎముక దాకా దిగుతుంది, ముదిరితే రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకి ప్రాణం మీదకి వస్తుంది. ఉచితంగా వచ్చిన కుర్చీ మనిషిని మంచం పట్టించగలదు. అయినా పంపిణీ లెక్కలో మాత్రం అది ఒక విజయమే: ఒక కుర్చీ, ఒక లబ్ధిదారు.

అవసరం ఎంత పెద్దదో కూడా ఒకసారి చెప్పుకోవాలి. ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క వేసింది. అదే ఏడాది యునిసెఫ్‌తో కలిసి ఇచ్చిన మరో నివేదిక ప్రకారం కళ్లజోడు, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ లాంటి సహాయక సాధనం ఏదో ఒకటి కావలసినవాళ్లు 250 కోట్లకు పైగా ఉన్నారు. వీళ్లలో దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదు. బాగా పేద దేశాలు కొన్నిటిలో అవసరమున్న వందమందిలో ముగ్గురికే అందుతోంది. ఇంత లోటుని చందాలతో పూడ్చేస్తామని ఏ సంస్థ అయినా అంటే నమ్మకండి.

వాడేవాళ్ల జీవితం దగ్గర మొదలుపెడితే ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి జైపూర్ కాలు మంచి ఉదాహరణ. అప్పట్లో దొరికే కృత్రిమ పాదాలు బూటు తొడుక్కుని, కుర్చీలో కూర్చునే మనిషిని ఊహించుకుని చేసినవి. వాటితో ఉత్తకాళ్ల మీద నడవలేరు, నేల మీద కూర్చోలేరు, గొంతుక్కూర్చోలేరు, బురదలో దిగలేరు. జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మ కలిసి 1968 ప్రాంతంలో రబ్బరుతో చేసిన పాదం ఇవన్నీ చేయనిచ్చింది. 1975లో పుట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దాన్ని ఉచితంగా అమర్చడం మొదలుపెట్టాక అది దేశాలు దాటింది.

ఒక్క ముఖం

మరి దాతలకి ఈ ఎనిమిది దశలూ వివరించి చందా అడగొచ్చు కదా? అడగొచ్చు. రాదు.

2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం నిధుల సేకరణ చేసేవాళ్లందరికీ కంఠతా వచ్చినట్టుంటుంది. అది వైకల్యం గురించి కాదు, ఆఫ్రికాలో ఆకలి గురించి. పాల్గొన్నవాళ్లకి 5 డాలర్లు ఇచ్చి, అందులో ఎంత దానం చేస్తారో చూశారు. లక్షలమంది ఆకలి లెక్కలు చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. ఒక చిన్నపిల్ల ఫొటో, కథ చూసినవాళ్లు 2.38 ఇచ్చారు. పిల్ల కథతో పాటు లెక్కలు కూడా చూపిస్తే ఇంకా పెరగాలి కదా? 1.43కి పడిపోయింది. నిజం ఎక్కువ చెప్పేకొద్దీ చెయ్యి వెనక్కి పోయింది.

ఈ ప్రయోగం జరగడానికి చాలా ముందే ఈ కిటుకు తెలిసినవాళ్లున్నారు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 1921లో, 39వ ఏట పోలియో లాంటి జబ్బు వచ్చి కాళ్లు పడిపోయాయి. అమెరికా అధ్యక్షుడయ్యాక 1938లో ఆయన పోలియో మీద పోరాటానికి ఒక జాతీయ సంస్థ పెట్టారు. రేడియో హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ తలా ఒక డైమ్, అంటే డాలరులో పదో వంతు, నేరుగా వైట్‌హౌస్‌కి పంపమని పిలుపిచ్చాడు. లక్షల నాణేలు బస్తాలకొద్దీ వచ్చి పడ్డాయి. 'మార్చ్ ఆఫ్ డైమ్స్' అన్న పేరు అలా నిలిచిపోయింది. పెద్ద ధనవంతుల దగ్గరికి వెళ్లకుండా కోట్లమంది దగ్గర చిల్లర అడగడం అప్పటికి కొత్త పద్ధతి. ఆ డబ్బు రోగుల వైద్యానికీ ఊపిరి అందించే ఐరన్ లంగ్‌లకీ వెళ్లింది, జోనాస్ సాల్క్ టీకా పరిశోధనకీ వెళ్లింది. 1955 ఏప్రిల్ 12న ఆ టీకా పనిచేస్తోందని ప్రకటించారు. నిధుల సేకరణ చరిత్రలో ఇంత స్పష్టమైన గెలుపు అరుదు.

ఆ గెలుపు వెనక ఒక బొమ్మ ఉంది. 1940ల్లో ఆ సంస్థ పోస్టర్ల మీదకి పిల్లల్ని తెచ్చింది: కాళ్లకి కేలిపర్లు, చంకల్లో కర్రలు, ముఖాన నవ్వు. చూసిన తల్లిదండ్రుల గుండె కలుక్కుమనాలి, జేబులోకి చెయ్యి వెళ్లాలి. అదే సంస్థని పెట్టిన రూజ్‌వెల్ట్ మాత్రం తను చక్రాల కుర్చీలో ఉండగా ఫొటో తీయనిచ్చింది దాదాపు లేదు. వైకల్యం ఉన్నవాడు దేశాన్ని నడపగలడన్న విషయం దాచిపెట్టాల్సిన రహస్యమైంది, వైకల్యం ఉన్న పిల్లవాడు జాలిపడదగినవాడన్నది మాత్రం గోడగోడకీ ఎక్కింది. దీన్ని కపటం అనను. ఓట్లకి ఏ బొమ్మ పనిచేస్తుందో, చందాలకి ఏ బొమ్మ పనిచేస్తుందో ఆయనకి తెలుసు, అంతే.

పోస్టరు మీది పిల్లలు పెద్దయ్యాక

టీవీ వచ్చాక బొమ్మకి కన్నీళ్లు తోడయ్యాయి. అమెరికాలో కండరాల క్షీణత జబ్బు ఉన్నవాళ్ల కోసం జెర్రీ లూయిస్ అనే హాస్యనటుడు 1966 నుంచి 2010 దాకా ఏటా సెప్టెంబరు మొదట్లో టెలిథాన్, అంటే చందాల కోసం గంటల తరబడి సాగే టీవీ కార్యక్రమం, నడిపాడు. పాటలు, జోకులు, నడుమ నడుమ పిల్లలు, తెర మీద పెరిగిపోయే అంకె. దశాబ్దాల పాటు అపారంగా డబ్బు తెచ్చాడు, ఆ శ్రమని తక్కువ చేయలేం. కానీ 1990లో ఒక పత్రికలో, తనకే ఆ జబ్బు ఉంటే ఎలా ఉంటుందో ఊహిస్తూ రాసిన వ్యాసంలో, అలాంటి మనిషి సగం మనిషిగా బతకడం నేర్చుకోవాలన్న ధోరణిలో రాశాడు. ఒకప్పుడు అదే టెలిథాన్‌కి పోస్టరు పిల్లలుగా నిలబడ్డవాళ్లు అప్పటికి పెద్దవాళ్లయ్యారు. ఉద్యోగం వెతుక్కుంటున్నారు, ఇల్లు అద్దెకి అడుగుతున్నారు. యజమానులు వాళ్లలో చూసింది టీవీలో ఏడిపించిన పిల్లల్ని. 'జెర్రీస్ ఆర్ఫన్స్', అంటే జెర్రీ అనాథలు, అని తమకి తామే పేరు పెట్టుకుని 1991 నుంచి వాళ్లు టెలిథాన్ బయట ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు.

బ్రిటన్‌లో ఇంకాస్త మోటుగా జరిగింది. 1990లోనూ 1992లోనూ ఐటీవీ అనే ఛానల్ టెలిథాన్ జరుగుతుంటే వికలాంగులు వందల్లో స్టూడియో ముందు చేరారు. వాళ్ల టీషర్టుల మీద నినాదం జాలి మీద ఉచ్చ పోస్తాం అని. సభ్యంగా ఇంకోలా అనువదించడం కుదరదు, వాళ్లకి ఆ సభ్యతే విసుగు పుట్టింది మరి. 1992 తర్వాత ఐటీవీ ఆ టెలిథాన్ మళ్లీ పెట్టలేదు.

ఆ కోపం వెనక ఒక ఆలోచన అప్పటికే ఇరవై ఏళ్లుగా ముదురుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాలు నడిపిన లెనార్డ్ చెషైర్ 1948లో, పోవడానికి చోటు లేని ఒక మృత్యుముఖ రోగిని ఇంట్లో పెట్టుకుని తనే సేవ చేశాడు. లె కోర్ట్ అనే ఆ ఇల్లు ఆశ్రమమైంది, ఆశ్రమాలు దేశదేశాలకి పాకాయి. మంచితనానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. కానీ అదే లె కోర్ట్‌లో ఏళ్ల తరబడి ఉన్న పాల్ హంట్ అనే వికలాంగుడు 1972లో గార్డియన్ పత్రికకి ఉత్తరం రాశాడు. సంస్థల్లో మగ్గుతున్న వికలాంగుల బతుకుని ఎత్తిచూపి, మన గొంతు మనమే వినిపించే సంఘం ఒకటి పెట్టుకుందామని పిలిచాడు. ఆ సంఘం 1976లో తేల్చి చెప్పిన సంగతి చిన్నదే: కాళ్లు పనిచేయకపోవడం ఒకటి, బయట తిరగలేకపోవడం మరొకటి. మొదటిది ఒంటికి సంబంధించింది. రెండోదాన్ని మెట్లు, బస్సులు, చట్టాలు, అలవాట్లు తెచ్చి నెత్తిన పెట్టాయి. మైక్ ఆలివర్ అనే ఆచార్యుడు 1983లో దీనికి 'సోషల్ మోడల్' అని పేరు పెట్టాడు.

ఈ మాట ఒప్పుకుంటే చందా పోస్టరు తలకిందులైపోతుంది. లోపం మెట్లది అయినప్పుడు పోస్టరు మీద మెట్ల బొమ్మ ఉండాలి. మెట్ల బొమ్మ చూసి ఎవరు డబ్బిస్తారు?

పేర్ల గొడవా ఇక్కడినుంచి వచ్చిందే. బ్రిటన్‌లో 1952లో పుట్టిన స్పాస్టిక్స్ సొసైటీ పేరులోని మొదటి మాట బడిపిల్లల తిట్టుగా మారిపోవడంతో, ఆ సంస్థ 1994లో స్కోప్ అని పేరు మార్చుకుంది. మన దగ్గర వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని మాటలు మారుతూ వచ్చాయి. ఒకటి లోటు చూపిస్తుంది, మిగతావి ఎక్కడో ఆకాశంలో కూర్చోబెడతాయి. పొగడ్త కూడా జాలికి దూరపు చుట్టమే. ఆస్ట్రేలియా రచయిత్రి స్టెల్లా యంగ్ 2014లో ఒక ప్రసంగంలో నవ్విస్తూనే వాత పెట్టింది: పొద్దున్నే లేచి తన పేరు తను గుర్తుపెట్టుకున్నందుకు కూడా వికలాంగుల్ని స్ఫూర్తి అంటారని.

నిధుల సేకరణ చేసేవాళ్ల వాదన కూడా వినాలి, వాళ్లు విలన్లు కాదు. జాలి లేకుండా అడిగి చూశాం, సగమే వచ్చింది, ఆ సగం రానందుకు మూతపడింది ఫిజియోథెరపీ కేంద్రం, మీ సిద్ధాంతం కాదు అంటారు వాళ్లు. దీనికి తేలికైన జవాబు లేదు. అయితే జాలి ఒక్కటే దారి కాదనడానికి 2014 వేసవి గుర్తుంది. నెత్తిన ఐసు నీళ్లు గుమ్మరించుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్ పిచ్చిపనిలాగే ఉండేది, ఏడిపించే బొమ్మ ఒక్కటీ అక్కర్లేకపోయింది, కండరాల్ని కదిలించే నరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్ఎస్ అనే జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. ఆ సంస్థ మూడింట రెండొంతులు పరిశోధనకి కేటాయించింది. ఆ డబ్బు సాయంతో జరిగిన పరిశోధనలో 2016లో ఈ జబ్బుతో సంబంధమున్న ఎన్ఈకే1 అనే జన్యువు బయటపడింది. మిగతా సొమ్ములో కొంత రోగుల సేవలకి వెళ్లింది. ఒక్కసారే కురిసిన వానని నమ్మి ఏటా నీళ్లు కావలసిన పంట వేయకూడదు. పరిశోధనకి ఇస్తే ఒక ముగింపు ఉంటుంది. ఇళ్లకి వెళ్లే సహాయకుల జీతాలకి పెడితే రెండో ఏడాది వాళ్లని ఏం చేయాలి?

వందలో ఎంత చేరుతుంది?

దాతలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నేనిచ్చిన వందలో వాళ్లకి ఎంత చేరుతుంది, ఆఫీసుకి ఎంత పోతుంది? న్యాయమైన ప్రశ్నలాగే వినిపిస్తుంది. వికలాంగుల సేవ దగ్గరకొచ్చేసరికి ఇది తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఇక్కడ సేవ అంటేనే మనుషులు. చెవిటివాళ్లకి సైగల భాష దుభాషి, మంచంలోంచి కుర్చీలోకి మార్చే సహాయకురాలు, ఇంటికొచ్చి తలుపు వెడల్పు కొలిచే థెరపిస్టు. వీళ్ల జీతాన్ని సేవ కింద రాయాలా, నిర్వహణ కింద రాయాలా? లెక్కల పుస్తకంలో ఏ గడిలో రాస్తే ఆ శాతం వస్తుంది. కుర్చీలు కొని పంచి వెళ్లిపోయే సంస్థకి నిర్వహణ ఖర్చు ముచ్చటగా తక్కువ కనిపిస్తుంది. ఎనిమిది దశలూ చేసే సంస్థ దుబారా చేస్తున్నట్టు కనిపిస్తుంది.

దాతలు ముఖం చిట్లిస్తారని సంస్థలు జీతాలు తగ్గిస్తాయి, కంప్యూటర్లు కొనవు, అకౌంటెంటుని పెట్టుకోవు. తగ్గించిన లెక్క చూసి దాతలు ఇంకా తక్కువకి అలవాటు పడతారు. అమెరికాలో స్వచ్ఛంద సంస్థల మంచిచెడ్డలు చూసే మూడు పెద్ద సంస్థలు, గైడ్‌స్టార్, ఛారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్, 2013లో కలిసి దాతలకి బహిరంగ లేఖ రాశాయి. నిర్వహణ ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థని తూచకండి అని దాని సారాంశం. ఆ శాతాన్ని ప్రచారం చేసినవాళ్లలో తామూ ఉన్నారు కాబట్టి అది ఒకరకంగా చెంపలేసుకోవడం.

అలాగని కళ్లు మూసుకుని ఇవ్వమనడం లేదు. వియత్నాం యుద్ధ సైనికుల సంస్థ పేరు మీద ఫోన్లు చేసి చందాలు రాబట్టిన ఒక కంపెనీ, వచ్చినదాంట్లో 85 శాతం తనే ఉంచుకుంది. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎక్కువ కమిషన్ తీసుకోవడం దానంతటది మోసం కాదు గానీ, డబ్బు సేవకి వెళ్తుందని దాతకి అబద్ధం చెప్పి తీసుకుంటే మోసం కేసు పెట్టొచ్చని కోర్టు 2003లో తేల్చింది. అంటే శాతాల గొడవలో కూడా కోర్టు చివరికి చూసింది దాతకి ఏ మాట చెప్పారన్నదే.

షరతుల డబ్బు మరో తలనొప్పి. దాత చెక్కు మీద ఫలానా పనికే అని రాస్తాడు: కుర్చీలకే, పిల్లలకే. సంస్థ ఖాతాలో డబ్బు కనబడుతూనే ఉంటుంది, వ్యాను రిపేరుకి తీయడానికి వీల్లేదు. నెలనెలా కొద్దిగా, షరతు లేకుండా వచ్చే చందాని సంస్థలు ప్రాణంలా చూసుకునేది ఇందుకే.

ప్రభుత్వ డబ్బు సంగతి వేరు. అది పెద్దది, నికరమైనది, కానీ గొంతు మీద చెయ్యేసి ఉంటుంది. రేపు గ్రాంటు ఇవ్వాల్సిన శాఖనే ఇవాళ ఆఫీసుకి ర్యాంపు ఎందుకు కట్టలేదని నిలదీసే సంస్థలు కొద్దే. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం చదువు, రవాణా, స్వతంత్రంగా బతకడం వంటివాటిని దయతో ఇచ్చేవిగా కాక, ప్రభుత్వాలు తీర్చాల్సిన బాధ్యతలుగా రాసింది. నిర్ణయాల్లో వికలాంగుల సంఘాలతో సంప్రదించి తీరాలని కూడా చెప్పింది. ఆ లెక్కన బస్సులో ర్యాంపు కోసం చందా వసూలు చేయడం ఎంత వింతో, తాగునీటి గొట్టం కోసం చందా వసూలు చేయడం అంత వింత. ఆలోగా మనిషి బస్సు ఎక్కాలి కాబట్టి ఎవరో ఒకరు చేస్తారు. ఎవరో చేస్తున్నారు కాబట్టి ప్రభుత్వం ఊరుకుంటుంది. ఈ ముడి ఇంకా ఎవరూ విప్పలేదు.

ఎవరికైనా చందా ఇవ్వబోతుంటే నేనైతే శాతాలు అడగను. మీ సంస్థ బోర్డులో వికలాంగులు ఎంతమంది, వాళ్ల మాట చెల్లుతుందా అని అడుగుతాను. కిందటేడు ఇచ్చిన సాధనాల్లో ఇప్పుడు ఎన్ని వాడకంలో ఉన్నాయని అడుగుతాను. ఫొటోలో ఉన్న మనిషికి ఆ ఫొటో ఎక్కడ వేశారో తెలుసా అని కూడా. రెండో ప్రశ్నకి తడుముకోకుండా, అంకె తక్కువైనా సరే, జవాబు చెప్పగలిగిన సంస్థ దొరికితే షరతు పెట్టకుండా ఇచ్చేయొచ్చు.

డబ్బు మీద పెత్తనం వికలాంగులకే వస్తే ఏం చేస్తారన్నది ఊహించుకోనక్కర్లేదు, జరిగింది. ఎడ్ రాబర్ట్స్‌కి 14వ ఏట పోలియో వచ్చి మెడ కింద కదలిక దాదాపు పోయింది, ఊపిరికి ఐరన్ లంగ్ కావాలి. 1962లో ఆయన బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరితే ఆ యంత్రం పట్టే హాస్టలు గది లేక క్యాంపస్ ఆస్పత్రిలోనే వసతి ఇచ్చారు. తర్వాత మరికొందరు వికలాంగ విద్యార్థులు అక్కడికే చేరారు. వాళ్లంతా కలిసి ప్రభుత్వ నిధులు సంపాదించి 1970లో విద్యార్థుల కోసం ఒక సేవా కార్యక్రమం, 1972లో ఊళ్లోవాళ్ల కోసం సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ పెట్టారు. టెలిథాన్‌లు అప్పటికి జబ్బు నయం చేస్తామని డబ్బు అడుగుతున్నాయి. వీళ్లు నయం చేసే మాటే ఎత్తలేదు. సహాయకుల జాబితా తయారుచేశారు, మెట్లు లేని అద్దె ఇళ్లు వెతికారు, చక్రాల కుర్చీలు బాగుచేసే వర్క్‌షాపు ఒకటి తెరిచారు. దాని ఫొటో చూపించి అడిగితే ఎన్ని డైములు రాలేవో గానీ, చక్రం ఊడినవాడికి ఎక్కడికి వెళ్లాలో తెలిసింది.